బస్సు కోసం కాదు

కత్తెరక్క పరుగుకి వెళ్ళేటప్పుడు టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళేది. ఫ్యాక్టరీ నీలం కోటు తొడుక్కునేది. సంచీ భుజానికి తగిలించుకునేది. డబ్బాలో చెంచా గలగలలాడకుండా దాని చుట్టూ చేతిగుడ్డ చుట్టేది. నలభై దాటిన మనిషి ఊరికే రోడ్డు మీద పరిగెత్తితే జనం ఆగి చూస్తారు. అదే పనికి ఆలస్యమై పరిగెత్తితే ఎవరూ చూడరు. పైగా అయ్యో పాపం అంటారు.

డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. రోజూ నడవండి, వీలైతే కాస్త పరిగెత్తండి అంది. మొదటిది అందరికీ చెప్పే మాటే. రెండో మాట విన్న దగ్గర్నుంచీ కత్తెరక్కకి నిద్రపట్టలేదు. భయం వల్ల కాదు. తనకి పరిగెత్తాలనుంది. ఎప్పటినుంచో తెలియదు గానీ, ఉంది.

"ఎవరైనా తరుముతున్నారా ఏంటే?" అన్నాడు ఆమె మొగుడు. ఆయన ఇళ్ళకి రంగులు వేస్తాడు. అప్పుడు కుంచెల్ని కిరసనాయిల్లో కడుగుతున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది."

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని మా అమ్మ చెప్పింది."

"మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని చెప్పింది."

ఆయన కుంచె విదిలించి లోపలికి వెళ్ళి తన కాన్వాసు బూట్లు తెచ్చి ఆమె ముందు పడేశాడు. వాటి మీద ఊళ్ళో సగం ఇళ్ళ రంగులున్నాయి. "చెప్పులతో పరిగెత్తి మూతిపళ్ళు రాలగొట్టుకోకు. ముందు పాత గుడ్డ కుక్కుకో, సరిపోతాయి."

సోమవారం పొద్దున కలప అడితి స్టాపు దాటాక ఆమె మొదలుపెట్టింది. అడితి నుంచి వంతెన దాకా రోడ్డు వంపు తిరుగుతుంది. ఒక పక్క రంపపు పొట్టు కుప్పలు, రెండో పక్క గోడౌన్ల గోడ. ఆ వేళకి అక్కడ జనం ఉండరు. ఆమె ముందొకసారి, వెనకొకసారి చూసింది. గడియారం లేని మణికట్టు కేసి చూసుకుని "అయ్యో" అంది. వినడానికి ఎవరూ లేకపోయినా అంది. ఆ తర్వాత పరిగెత్తింది.

ఒక దీపస్తంభం దాటింది. రెండోది వచ్చేసరికి గొంతులో ఇనుము రుచి తగిలింది. కుడి డొక్క పట్టేసింది. సంచీ వీపు మీద మోదుతోంది. ఎవరో కొట్టుకుంటూ తీసుకెళుతున్నట్టుగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరిగెత్తేటప్పుడు మనుషులు చేతులు ఏం చేస్తారో ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదని అప్పుడనిపించింది. ఆగి, గోడ పట్టుకుని, నడిచి, మళ్ళీ పరిగెత్తింది.

వెనక నుంచి హారన్ రెండుసార్లు మోగింది. బస్సు ఆమెను దాటి, బ్రేకులు కీచుమనిపించి, పది గజాల ముందు ఆగింది.

అక్కడ స్టాపు లేదు. కానీ ఆ వంపు దగ్గర నీలం కోటు కనబడితే డ్రైవరు ఆపుతాడు. స్టాపులో బస్సు తప్పిపోయినవాళ్ళు సందుల్లోంచి అడ్డంగా పడి వస్తే బస్సు కన్నా ముందే వంపు దగ్గరికి చేరొచ్చు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరికీ ఆ దారి తెలుసు. డ్రైవరుకీ తెలుసు. అది ఎక్కడా రాసి లేని ఒప్పందం.

"రావమ్మా రా, రా! నీకోసమే ఆపింది!" డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపాడు.

బస్సు నిండా జనం. అందరి తలలూ ఇటే. తను బస్సు కోసం పరిగెత్తలేదని ఆ తలలన్నిటికీ చెప్పడం కన్నా ఎక్కడమే తేలిక. కత్తెరక్క ఎక్కింది.

"చూడండయ్యా, ఎలా ఆయాసపడుతోందో. కాస్త చోటివ్వండి," అన్నారెవరో. లోపలి నుంచి గుండీలమ్మాయి జరిగి తన పక్కన చోటిచ్చింది. ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు వేసే మిషను ఆమెది. దాని తర్వాతి బల్ల కత్తెరక్కది. గుండీలు పడ్డ చొక్కా ఆ బల్ల మీదికి వస్తే కాలరు తిరగేసి, కుట్ల వెంట బొటనవేలు నడిపించి, వేలాడే పోగుల్ని కత్తెరక్క కత్తిరిస్తుంది. మెడలో తాడుకి కట్టిన చిన్న కత్తెర వల్లే ఆమెకా పేరు.

"ఏంటక్కా, మీ స్టాపు అడితి కదా? ఇంత ముందుకొచ్చి ఎక్కారేంటి?"

"అంటే... చెల్లెలింటికెళ్ళి వస్తున్నాలే."

"ఈ గోడౌన్లలోనా?"

కత్తెరక్క కొంగుతో మొహం తుడుచుకుంది. గుండీలమ్మాయి ఆమె కాళ్ళ కేసి, రంగుల బూట్ల కేసి చూసింది. మళ్ళీ ఏమీ అడగలేదు.

మంగళవారమూ అదే జరిగింది. ఈసారి ఆమె బస్సు చప్పుడు వినగానే నడకలోకి దిగింది. గోడ వైపు తిరిగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగింది కూడా. కానీ నీలం కోటు నీలం కోటే. బస్సు ఆగింది.

"ఈవిడ ఇంట్లో గడియారం లేదా ఏంటి?" అన్నాడు ముందు సీట్లో గొడుగు పెద్దాయన.

"ఉంది గానీ, అదీ ఈవిడ లాగే పరిగెత్తుతూ ఉంటుంది," అన్నారు ఇంకెవరో. బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా అద్దంలోంచి నవ్వాడు. "పోనీయండయ్యా. ఆలస్యం ఎవరికవ్వదు? నాకు మొహాలు గుర్తుండవు, కోట్లు గుర్తుంటాయి. కోటు కనబడితే ఆపుతా, అంతే."

గుండీలమ్మాయి మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆ రోజు ఆలస్యమైంది కత్తెరక్కకి కాదు, గుండీలమ్మాయికి. బస్సు దిగాక పిల్లకి ఇంకో సీసా మందు కొనడానికి ఆగింది. సైరన్ మోగుతుండగా గేటు సందులోంచి దూరింది. లైను మధ్యలో నిలబెట్టి సూపర్వైజరు అందరికీ వినబడేలా చెప్పాడు. ఆడవాళ్ళు ఆయన్ని వెనకాల మామగారంటారు.

"ఇంట్లో పిల్లుంటే పిల్ల దగ్గరుండు. ఇక్కడ మిషనుంది. దీనికీ ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు కావాలి. ఇంకొక్కసారి గేటు మూసాక బయట కనబడ్డావా, ఇక లోపలికి రానక్కర్లేదు. అర్థమైందా?"

"అర్థమైందండీ."

ఆమె మిషను ముందు కూర్చుని గుండీల గిన్నెలో చెయ్యి పెట్టింది. పెడల్ మీద కాలు పడింది. కత్తెరక్క బల్ల మీదికి చొక్కాలు రావడం మొదలైంది. గుండీలన్నీ బిగువుగా ఉన్నాయి. లాగి చూడాల్సిన పని లేదు గానీ కత్తెరక్క లాగి చూసింది. అలవాటు.

"పొద్దున మందు పడిందా పిల్లకి?" అంది చూపు చొక్కా మీదే ఉంచి.

"ఉమ్మేసిందక్కా. సగం నా కోటు మీదే ఉంది. కోటుకి దగ్గు తగ్గిపోతుందిక."

*

బుధవారం బస్సు ఆగలేదు.

హారన్ విని కత్తెరక్క నడకలోకి దిగి, ఎప్పటిలాగే సిగ్గుపడడానికి సిద్ధమైంది. బస్సు వేగం తగ్గించింది. డ్రైవరు ఎడమ చెయ్యి పైకెత్తి ఊపాడు. తర్వాత బస్సు వంపు తిరిగి వంతెన ఎక్కింది. పొగ మాత్రమే మిగిలింది.

ఆమె రోడ్డు పక్కన కాసేపు నిలబడింది. విసుగొచ్చి మానేశాడనుకుంది. రెండు రోజులు ఆపిన మనిషి మూడో రోజు ఎందుకు ఆపుతాడు? ఎవరి ఓపిక ఎంతని. అలా అనుకున్నాక ఒళ్ళు తేలికైంది. ఇక ఆమెను ఎవరూ ఎక్కించుకోరు. ఎక్కించుకోకపోతే పరిగెత్తొచ్చు.

పరిగెత్తింది. ఈసారి మణికట్టు చూసుకోలేదు. దీపస్తంభాలు దాటుతున్నా ఆగలేదు. ఊపిరి నోటితో కాకుండా ముక్కుతో వదిలితే డొక్క పట్టేయడం లేదని కనిపెట్టింది. పాదం మడమ మీద కాకుండా మధ్యలో పడితే బూట్లు చప్పుడు చేయడం లేదని కూడా. చేతులు వాటంతటవే ఊగుతున్నాయి. వంతెన మీదికి వచ్చేసరికి కాలవ మీంచి గాలి కోటులోకి దూరి వీపు మీద ఉబ్బింది. ఆమె పైకే నవ్వింది. వంతెన అవతల స్టాపులో నిలబడి వెనక బస్సు ఎక్కి, సైరన్ కి ముందే గేటు దాటింది.

"బస్సులో కనబడలేదేంటక్కా?" అంది గుండీలమ్మాయి.

"వెనక దాంట్లో వచ్చా."

"మొహం వెలిగిపోతోంది. చెల్లెలు బాగా చూసుకుందనుకుంటా."

కత్తెరక్క చొక్కా కాలరుతో ఆమె చేతి మీద ఒక్కటేసింది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, మామగారు ఇటు రావడం చూసి పెడల్ తొక్కింది.

గురువారమూ బస్సు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు కత్తెరక్క అడితి నుంచి వంతెన దాకా ఒక్కసారే ఆగింది. రాత్రి భోజనాలప్పుడు మొగుడితో చెప్పింది.

"ఆగకుండా ఎంత దూరమో తెలుసా?"

"బూట్లు నావి. సగం పరుగు నాది," అన్నాడాయన. తర్వాత అడిగాడు, "ఆ కోటు, సంచీ ఎందుకు మోసుకెళ్ళడం? తీసేసి పరిగెత్తు. బరువు తగ్గుతుంది."

"నలుగురూ చూస్తారు."

"చూస్తే?"

ఆమె కంచాలు తీసింది. తెల్లారేసరికి పిక్క బిగుసుకుపోయింది. మంచం దిగి పాదం మోపితే మోకాలి కింద కత్తి దింపినట్టయింది. శుక్రవారం పరుగు లేదు. కుంటుకుంటూ అడితి స్టాపుకి వెళ్ళి వెనక తలుపు నుంచి బస్సెక్కింది. ఆఖరి సీట్లో కిటికీ పక్కన కూర్చుని కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

*

మంచు పట్టింది. అద్దం మీద చెమ్మ. బస్సులో దీపాలింకా వెలుగుతున్నాయి. గుండీలమ్మాయి రోజూ కూర్చునే సీట్లో ఇంకెవరో ఉన్నారు. ముందెక్కడో నిలబడి ఉంటుందనుకుంది కత్తెరక్క.

వంపు దగ్గర డ్రైవరు హారన్ రెండుసార్లు కొట్టాడు.

"అదిగో, మొదలెట్టేసింది," అన్నాడు గొడుగు పెద్దాయన. "మంచనీ లేదు, వాననీ లేదు. పట్టుదలంటే అది."

"ఈ వయసులో ఏం సాధిద్దామనో," అన్నారెవరో.

"నీ కన్నా ముందు ఫ్యాక్టరీకి చేరుకుందామని," అన్నాడు డ్రైవరు. నవ్వులు.

కత్తెరక్క అరచేత్తో అద్దం తుడిచింది. ముందు, రోడ్డు అంచున, నీలం కోటు. భుజాన సంచీ ఎగురుతోంది. పరిగెత్తుతోంది. కత్తెరక్క గుండె ఒక్కసారి సంతోషంతో కొట్టుకుంది. ఇంకొకావిడ కూడా మొదలుపెట్టిందన్నమాట. ఎవరో. ఎవరైతేనేం. రేపట్నుంచి ఇద్దరం, అనుకుంది.

డ్రైవరు ఎడమ చెయ్యి ఎత్తి ఊపాడు. బస్సు కుడికి జరిగి నీలం కోటుని దాటింది.

అప్పుడు కనబడింది. ఆ మనిషి చెయ్యి కూడా పైకెత్తి ఉంది. ఊరికే పరిగెత్తేవాళ్ళు చెయ్యెత్తరు. జుట్టు ముడి విడిపోయింది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది, బస్సు చప్పుడులో వినబడలేదు. గుండీలమ్మాయి.

కత్తెరక్క లేచింది. సగం లేచింది. "ఆపండి" అనే మాట నాలుక మీదికి వచ్చింది. అరిస్తే తలలన్నీ తిరుగుతాయి. ఎందుకమ్మా, ఆవిడ రోజూ పరిగెత్తే ఆవిడే కదా, అంటాడు డ్రైవరు. కాదు, ఆవిడ వేరు. మరి రోజూ పరిగెత్తేది ఎవరు? ఆ ప్రశ్న దాకా వెళ్ళి ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. దగ్గు వచ్చింది. పక్కనున్నావిడ "నీళ్ళు కావాలా?" అంది. బస్సు వంతెన ఎక్కేసింది.

వెనక బస్సుంది కదా, అనుకుంది కూర్చుంటూ. నేను రెండు రోజులుగా దాంట్లోనే వచ్చాను, సైరన్ కి ముందే చేరాను. ఆ అమ్మాయీ చేరుతుంది. పరిగెడుతోంది కాబట్టి వంతెన స్టాపుకి వేళకే వస్తుంది. చిన్న పిల్ల, నాకన్నా చురుకైంది. అనుకున్న ప్రతి మాటా నిజమే. ఆమె అద్దం వైపు తిరగలేదు.

మంచు వల్ల వెనక బస్సు వంతెన ఎక్కకముందే లారీల వెనక ఆగిపోయింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. సైరన్ మోగింది. గేటు మూసుకుంది. గుండీల మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

మామగారు వచ్చి ఆ కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏదీ?"

మిషన్ల వెనక తలలన్నీ కిందికి వంగాయి.

"కత్తెరమ్మా, మీరిద్దరూ ఒకే బస్సు కదా? ఎక్కిందా ఆ పిల్ల?"

"ఎక్కలేదండీ."

"ఎందుకెక్కలేదు?"

కత్తెరక్క మెడలో కత్తెర పట్టుకుంది. "ఏమోనండీ," అంది.

మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆలస్యమైనవాళ్ళు గేటు బయటే ఉండాలి. గంట కొట్టాక గుండీలమ్మాయిని లోపలికి రానిచ్చారు, మిషను దగ్గరికి కాదు, ఆఫీసు గదిలోకి. తిరిగొచ్చినప్పుడు ఒంటి మీద కోటు లేదు. మిషను పక్క పెట్టెలోంచి తన నూనె డబ్బా, ఒక దువ్వెన, పిల్ల ఫొటో తీసుకుంది. మిషను మూత గుడ్డతో తుడిచింది. ఇంకొకరు కూర్చోబోయే మిషనది.

"బస్సు దొరకలేదని చెప్పలేకపోయావా?" అంది కాజాల మిషనావిడ.

"చెప్పా. చెయ్యెత్తితే ఆపని బస్సు ఉంటుందా అన్నారు."

"నిజంగా ఆపలేదా?"

"చూసుకోలేదేమో, పాపం. మంచు కదా."

వెళ్ళేటప్పుడు ఆమె కత్తెరక్క బల్ల దగ్గర ఆగింది. "వస్తానక్కా," అంది. కత్తెరక్క చేతిలో చొక్కా ఉంది. అది ఆ అమ్మాయి నిన్న గుండీలు వేసిన చొక్కా. "జాగ్రత్తమ్మా," అంది కత్తెరక్క.

*

శనివారం గుండీల మిషను ముందు కొత్తావిడ కూర్చుంది. చొక్కాలు వచ్చాయి. కత్తెరక్క లాగి చూస్తే రెండో గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టింది. ఇంకో చొక్కా. ఇంకో గుండీ. ఆమె లేచి మామగారి దగ్గరికి వెళ్ళింది. పనివేళలో బల్ల వదిలి లేవడం ఆమెకు అలవాటు లేదు, మామగారికి చూడడం అలవాటు లేదు.

"ఏంటి? సూది విరిగిందా?"

"కాదండీ. నిన్న ఆ అమ్మాయి వేళకే వచ్చింది. వంపు దగ్గరికి వచ్చింది. బస్సే ఆపలేదు."

"నిన్న ఏమోనండీ అన్నావు."

"నిన్న చెప్పలేదు."

"ఎందుకు ఆపలేదు బస్సు?"

"నేననుకున్నాడు డ్రైవరు."

"నువ్వనుకుంటే ఆపడా? నీకూ వాడికీ గొడవా?"

"నేను బస్సు కోసం పరిగెత్తనండీ. ఊరికే పరిగెత్తుతాను. రోజూ పొద్దున. వాడు నన్ను చూసి చూసి ఆపడం మానేశాడు. నిన్నా నేనే అనుకున్నాడు."

మామగారు కళ్ళజోడు తీశాడు. దగ్గర్లో మిషన్లు ఒకటొకటిగా ఆగాయి.

"ఊరికే అంటే?"

"ఊరికేనండీ. ఒంటికి మంచిదని."

"నువ్వా?"

ముందు కాజాల మిషనావిడ నవ్వింది. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గరివాళ్ళు. ఎవరో "మరి పతకం ఎప్పుడక్కా?" అన్నారు. అందులో చెడ్డ నవ్వు లేదు. వారమంతా ఆమె భయపడ్డ నవ్వు ఇదే, ఇంతే. మిషన్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టేసరికి అయిపోయింది.

"మరి ఆ అమ్మాయి..." అంది కత్తెరక్క.

"ఆ కుర్చీలో మనిషొచ్చేసిందమ్మా. నిన్న పొద్దున చెప్పుంటే గేటు దగ్గరికి కబురంపేవాణ్ణి. ఇప్పుడు ఈవిణ్ణి ఏం చెయ్యను? ఈవిడకీ ఇద్దరు పిల్లలు." మామగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "వెళ్ళు. చొక్కాలు పేరుకుపోతున్నాయి."

*

గుండీలమ్మాయి ఇల్లు పాల డిపో స్టాపు ఎదురుగా, మూడో అంతస్తులో. ఒకటే గది. కిటికీ కింద మంచం, మంచం మీద పిల్ల నిద్రపోతోంది. ఆదివారం మధ్యాహ్నం. గది మధ్యలో తాడు మీద బట్టలు ఆరుతున్నాయి. వాటిని పక్కకి జరిపి కత్తెరక్కని కూర్చోబెట్టింది.

"ఎలా ఉంది పిల్లకి?"

"జ్వరం తగ్గింది. దగ్గుంది. దగ్గున్నన్నాళ్ళూ పక్కింటావిడ పిల్లని ఉంచుకోనంది. వాళ్ళింట్లోనూ పసిపిల్లాడున్నాడు, ఆవిణ్ణేం అనలేం. శుక్రవారం ఆవిణ్ణి బతిమాలుకునేసరికే బస్సు పోయింది." ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

కత్తెరక్క గ్లాసు పట్టుకుంది, తాగలేదు. "నిన్న మామగారికి చెప్పానమ్మా. డ్రైవరు నేననుకుని ఆపలేదని. నేను రోజూ అక్కడ..."

"పరిగెత్తుతారు. తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"మొదటి రోజే తెలుసు. చెల్లెలింటి నుంచి వచ్చేవాళ్ళు బూట్లలో గుడ్డలు కుక్కుకుని వస్తారా?" ఆమె తాడు మీంచి చిన్న గౌను తీసి మడత పెట్టింది. "మంగళవారం అందరూ అలా నవ్వుతుంటే మీ మొహం చూడలేకపోయాను. దిగేటప్పుడు డ్రైవరన్నకి నేనే చెప్పా. ఆవిడ బస్సు కోసం పరిగెత్తట్లేదన్నా, ఆవిడ ఇష్టం కొద్దీ పరిగెత్తుతోంది, ఆపితే సిగ్గుపడుతోంది, ఇక ఆపకు అని. సరేనమ్మా, చెయ్యి ఊపుతాలే అన్నాడు. మంచివాడు. చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు."

కత్తెరక్క గ్లాసు కింద పెట్టింది.

"నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్పంది నేనెందుకు చెప్పాలి? మీకిష్టమైతే చెప్తారు కదా అనుకున్నా." గౌను మీద ఇంకో గౌను పెట్టింది. "ఆ రోజు వెనక కిటికీలో ఉన్నది మీరేననిపించింది. మంచులో మీకు కనబడి ఉండను."

గదిలో పిల్ల ఊపిరి వినబడుతోంది. ముక్కు పట్టేసి ఈల వేస్తోంది. గుండీలమ్మాయి చూపు బట్టల మీదే ఉంది. ఆ ఒక్క మాటతో ఆమె తలుపు తెరిచి పెట్టింది, అందులోంచి కత్తెరక్క వెళ్ళిపోవచ్చు.

"లేదమ్మా," అంది కత్తెరక్క. "అద్దమంతా చెమ్మ."

"అదే అనుకున్నా."

పిల్లకి తెచ్చిన బిస్కెట్ల పొట్లం మంచం చివర పెట్టి కత్తెరక్క లేచింది. మెట్లు దిగింది. మొదటి అంతస్తు దగ్గర ఎవరో సైకిలు ఎత్తుకుని పైకి వస్తున్నారు, గోడకి అంటుకుని దారిచ్చింది. వీధిలోకి వచ్చింది. పాల డిపో షట్టరు దించి ఉంది. కాసేపు ఆ నీడలో నిలబడింది. మళ్ళీ మెట్లెక్కింది.

తలుపు ఇంకా తెరిచే ఉంది. గుండీలమ్మాయి మంచం అంచున కూర్చుని ఉంది.

"చూశాను," అంది కత్తెరక్క గుమ్మంలోంచి. "అద్దం తుడిచి చూశాను. నువ్వని తెలిసింది. అరవలేదు."

ఆ అమ్మాయి ఆమె కేసి చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఫర్వాలేదు అనలేదు. ఆ మాట కోసం కత్తెరక్క గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పొద్దున్నే ఆఫీసు గదులు ఊడ్చే పని దొరికిందక్కా," అంది చివరికి. "అందరూ వచ్చేలోగా ఊడ్చేసి వచ్చేయాలి. మొదటి బస్సుకి వెళ్ళి, మీ బస్సు వేళకి తిరిగొస్తా. పిల్ల దగ్గర మనిషి కావాలి. నిద్రలోనే ఉంటుంది, లేస్తే పాలు పట్టాలి, అంతే." పిల్ల మీద దుప్పటి సర్దింది. "మీరు పరిగెత్తే టైమే."

"వస్తాను."

"దగ్గు తగ్గేదాకా అనుకోకండి. తగ్గినా అంత పొద్దున్నే పక్కింటావిడ ఉంచుకోదు. రోజూ రావాలి."

"వస్తానమ్మా."

"ఆదివారాలు వద్దు," అంది గుండీలమ్మాయి, మిగతా బట్టలు తియ్యడానికి లేస్తూ.

సోమవారం ఇంకా చీకటి ఉండగానే కత్తెరక్క మొగుడు లేచి చూశాడు. బూట్లు తలుపు పక్కనే ఉన్నాయి. ఆమె చెప్పులేసుకుంటోంది.

"ఇవాళ పరుగు లేదా?"

"లేదు."

"పిక్క తగ్గలేదా?"

"తగ్గింది," అంది ఆమె, తలుపు దగ్గరికి లాగుతూ.

ఆమె వెళ్ళేసరికి గుండీలమ్మాయి జుట్టు ముడేసుకుంటోంది. పాలు ఎక్కడున్నాయో, చెంచా ఎక్కడుందో, దగ్గు మందు ఎంత పట్టాలో చెప్పింది. చెప్పిందే ఇంకోసారి చెప్పింది. పిల్ల కదిలింది. తల్లి కదలకుండా నిలబడింది. పిల్ల కళ్ళు తెరిచి, ముందు తల్లినీ, తర్వాత కొత్త మనిషినీ చూసి ఏడుపందుకుంది. కత్తెరక్క ఎత్తుకుంది. వెచ్చగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. "వెళ్ళు, నువ్వెళ్ళు, టైమైపోతోంది," అంది. గుండీలమ్మాయి వెనక్కి చూస్తూ గుమ్మం దాటింది. మెట్ల మీద ఆమె పాదాల చప్పుడు వేగంగా కిందికి వెళ్ళింది.

కత్తెరక్క పిల్లని భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. వీధి చివర మొదటి బస్సు దీపాలు కనబడ్డాయి. గుండీలమ్మాయి ఇంకా ఇంటి వాకిలి దాటలేదు. దాటింది. పరిగెత్తుతోంది. నీలం కోటు లేదు. పొద్దున్నే పరిగెత్తే ఎవరో ఒక మనిషి. బస్సు వేగం తగ్గించలేదు.

"ఆపండి!" అని అరిచింది కత్తెరక్క. కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. "ఆపండయ్యా! బస్సు కోసమే! ఆవిడ బస్సు కోసమే!"

పాల డబ్బాలు దించుతున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఎదురింటి మేడ మీద దీపం వెలిగింది. కింద అంతస్తు కిటికీ తెరుచుకుంది, ఎవరో "ఏమైందమ్మా, ఏమైంది?" అన్నారు. పిల్ల ఏడుపు మానేసి ఆమె నోటి కేసి చూస్తోంది. ఆమె ఇంకోసారి అరిచింది. మూడో అంతస్తు నుంచి, ఇంజను చప్పుడులో, డ్రైవరుకి వినబడే మాట కాదు.

బస్సు ఆగింది. ముందు ఇద్దరు దిగారు. దిగాల్సినవాళ్ళున్నారు కాబట్టి ఆగింది. వాళ్ళు దిగాక గుండీలమ్మాయి ఎక్కింది.